కదిలీ కదలని ట్రాఫిక్‌లో ఆటో స్టార్ట్-స్టాప్: బండి ఎక్కిన ప్రతిసారీ ఆపుకోవలసిందేనా?

హిందూపురం_ప్రయాణి (కె.ఆర్. పురం, బెంగళూరు)

అందరికీ నమస్కారం. కారు నిలబడగానే ఇంజిన్ తనంతట తానే ఆగిపోయి, బ్రేకు మీద నుంచి కాలు తీయగానే మళ్లీ స్టార్ట్ అయ్యే ఏర్పాటు గురించి తెలిసినవారి సలహా కోరుతూ ఇది రాస్తున్నాను. నాది టర్బో పెట్రోలు ఇంజిన్‌తో, డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ గేరుబాక్సుతో వచ్చిన చిన్న ఎస్‌యూవీ. కంపెనీ పేరు చెబితే చర్చ పక్కదారి పడుతుంది. పైగా వేర్వేరు కంపెనీల కార్లు నడిపే మా ఆఫీసువాళ్లు కూడా ఇదే మాట అంటున్నారు కనుక ఇది ఒక్క బండికి పరిమితమైన లోపం కాదని నా అభిప్రాయం.

నేను ఉద్యోగానికి వెళ్లే దారి టిన్ ఫ్యాక్టరీ దగ్గర మొదలై మహదేవపుర, మారతహళ్లి, బెళ్లందూరు మీదుగా సిల్క్ బోర్డు దాకా ఉంటుంది. ఆఫీసు వేళల్లో ఆ రోడ్డు మీద ట్రాఫిక్ పూర్తిగా ఆగదు, పూర్తిగా కదలదు. 2024 సంవత్సరానికి టామ్‌టామ్ సంస్థ వెలువరించిన సూచీలో బెంగళూరులో 10 కి.మీ. వెళ్లడానికి సగటున 34 నిమిషాలకు పైగా పడుతుందని ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఉదయం పూట వెళ్లేవారికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఇలాంటి చోట బండి రెండు కార్ల పొడవు జరుగుతుంది, ఆగుతుంది, మళ్లీ జరుగుతుంది. ఆగిన ప్రతిసారీ ఇంజిన్ కూడా ఆగుతుంది. అది ఆగిన మరుక్షణమే ముందున్న బండి కదులుతుంది. నేను బ్రేకు వదిలాక స్టార్టర్ తిరిగి, ఇంజిన్ అందుకుని, గేరుబాక్సులో క్లచ్ పట్టుకునేలోగా కొద్దిపాటి జాప్యం జరుగుతుంది, ఆ వెంటనే ఒక కుదుపు వస్తుంది. ఆ జాప్యం సెకను కూడా ఉండకపోవచ్చు, కానీ ఈ ఊళ్లో అంత సందు దొరికితే చాలు, ఎడమ నుంచి ఒక బైకు, కుడి నుంచి ఒక ఆటో ముందుకు దూరిపోతాయి. కుదుపుతో ముందుకు ఉరికిన బండిని వెంటనే బ్రేకు నొక్కి ఆపాలి. ఆపితే ఇంజిన్ మళ్లీ ఆగిపోతుంది.

ఇది విసుగు మాత్రమే అయితే ఇంత రాసేవాడిని కాదు. సిగ్నల్ లేని యూ-టర్న్ దగ్గర ఎదుటి వరసలో ఖాళీ కోసం కాచుకుని ఉన్నప్పుడు, ఎదురుగా వచ్చే బస్సుకూ దాని వెనక వచ్చే లారీకీ మధ్య చోటు దొరికిందని నిర్ణయించుకున్న క్షణంలో బండి నా కాలు చెప్పినట్టు కదలాలి. ఆ క్షణంలోనే ఇంజిన్ ఆగి ఉంటే, బండి కదిలేసరికి నా లెక్క తప్పిపోతుంది. డ్రైవరు తీసుకోవలసిన నిర్ణయంలోకి యంత్రం చొరబడడం నాకు భద్రతకు సంబంధించిన విషయంగానే కనిపిస్తోంది.

దీన్ని ఆపడానికి డ్యాష్‌బోర్డు మీద ఒక బటన్ ఉంది. అది నొక్కితే ఆ ప్రయాణానికి మాత్రమే ఆగుతుంది. బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే అది తిరిగి పనిలోకి వస్తుంది. మా ఇంట్లోని స్కూటరుకూ ఇదే ఏర్పాటు ఉంది, కానీ దాని హ్యాండిల్ మీది స్విచ్‌ను ఒకసారి ఆఫ్ వైపు నొక్కితే మళ్లీ మనం మార్చేదాకా ఆఫ్‌లోనే ఉంటుంది. హీరో కంపెనీ 2014లో స్ప్లెండర్ ఐస్మార్ట్ బైకుతో తెచ్చిన ఐ3ఎస్ అనే ఇలాంటి ఏర్పాటుకూ స్విచ్ ఉంది. స్కూటరు కొన్నవారి ఇష్టానికి ఉన్న విలువ, అంతకు పది రెట్లు పెట్టి కారు కొన్నవారి ఇష్టానికి ఎందుకు లేదో నాకు అర్థం కావడం లేదు. సర్వీస్ సెంటరులో అడిగితే, కంపెనీ అలాగే ఇచ్చిందని, మార్చడం తమ చేతిలో లేదని చెప్పి పంపించారు.

దీన్ని ఎప్పుడూ ఆపి ఉంచితే ఇంజిన్‌కు గానీ బ్యాటరీకి గానీ నష్టం ఉంటుందా, లేక ఉంచితేనే నష్టమా అన్నది నా మొదటి సందేహం. ఆఫ్ చేసిన సంగతిని గుర్తుంచుకునే చిన్న పరికరాలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, అవి పెట్టించుకోవచ్చా? అసలు ఈ ఏర్పాటు వల్ల మన ఊళ్లో పెట్రోలు మిగులుతుందా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

గ్యారేజీ_విజయనగర (బెంగళూరు)

ప్రయాణి గారూ, నేను చాలా కాలంగా కార్ల మరమ్మతు పనిలో ఉన్నాను, అందుకని బండి సంగతి వరకు చెబుతాను.

ఆపి ఉంచడం వల్ల బండికి ఏ నష్టమూ లేదు. నిశ్చింతగా ఆపుకోండి. ఉంచడం వల్ల స్టార్టర్ త్వరగా పోతుందన్న భయం చాలామందికి ఉంది, కానీ ఈ ఏర్పాటుతో వచ్చే కార్లలో స్టార్టర్ మోటారు మామూలు కార్లలో ఉండేది కాదు. దాని బ్రష్‌లు, గేరు, బేరింగులు అనేక రెట్లు ఎక్కువ స్టార్ట్‌లకు తట్టుకునేలా తయారు చేస్తారు. ఇంజిన్ లోపల క్రాంక్‌షాఫ్ట్ బేరింగులకు కూడా చాలా కంపెనీలు ప్రత్యేకమైన పాలిమర్ పూత వేస్తాయి. ఇంజిన్ ఎక్కువగా అరిగేది రాత్రంతా చల్లబడి, ఆయిల్ కిందికి జారిపోయిన తరువాత పొద్దున చేసే మొదటి స్టార్ట్‌లో. సిగ్నల్ దగ్గర ఒక నిమిషం ఆగిన వేడి ఇంజిన్‌లో ఆయిల్ పొర అలాగే ఉంటుంది. టర్బో గురించి కూడా కొందరు అడుగుతుంటారు. హైవే మీద గట్టిగా తోలి వచ్చి వెంటనే ఇంజిన్ ఆపితే టర్బోలో చిక్కిన వేడి వల్ల అక్కడి ఆయిల్ మాడుతుందన్న మాట పాతకాలపు టర్బోల విషయంలో నిజం. ఇప్పటి చాలా కార్లలో ఇంజిన్ ఆగాక కూడా కరెంటు పంపు కూలెంటును టర్బో చుట్టూ తిప్పుతూనే ఉంటుంది. వేడి మరీ ఎక్కువగా ఉంటే కంప్యూటరే ఇంజిన్‌ను ఆపనివ్వదు.

అసలు ఖర్చు బ్యాటరీ దగ్గర ఉంది. ఈ కార్లకు మాటిమాటికీ స్టార్ట్ చేయడాన్ని తట్టుకునే ఏజీఎం గానీ ఈఎఫ్‌బీ గానీ అనే రకం బ్యాటరీ వేయాలి. మామూలు బ్యాటరీతో పోలిస్తే ధరలో చాలా తేడా ఉంటుంది. పాతది పోయినప్పుడు డబ్బు మిగులుతుందని మామూలు బ్యాటరీ వేయించుకునేవారిని చూస్తుంటాను. మాటిమాటికీ కొంత ఖాళీ అయి మళ్లీ నిండడానికి అది తట్టుకోలేదు, తొందరగా చచ్చిపోతుంది. కొన్ని కార్లలో కొత్త బ్యాటరీ వేశాక స్కానర్ పెట్టి ఆ సంగతి కంప్యూటరుకు చెప్పాలి కూడా, లేకపోతే పాత బ్యాటరీ అనుకునే చార్జింగ్ చేస్తూ ఉంటుంది. ఇంకొక మాట. మీ బండిలో స్టార్ట్-స్టాప్ దానంతట అదే పనిచేయడం మానేస్తే సంతోషించవద్దు. బ్యాటరీ బలం తగ్గినప్పుడు ఈ కార్లు మొట్టమొదట వదులుకునేది ఈ పనినే. అలా వారాల తరబడి కనబడితే బ్యాటరీని పరీక్ష చేయించండి.

కదిలీ కదలని ట్రాఫిక్‌లో మీ ఇబ్బందికి ఒక ఉపాయం ఉంది. చాలా ఆటోమేటిక్ కార్లలో ఇంజిన్ ఆగేది బ్రేకును గట్టిగా నొక్కినప్పుడు మాత్రమే. బండి నిలబడడానికి సరిపడేంత మెత్తగా నొక్కి పట్టుకుంటే ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. పొడవైన సిగ్నల్ పడిందని తెలిస్తే ఇంకొంచెం నొక్కండి, ఆగుతుంది. కొద్ది రోజులకే ఆ తేడా కాలికి తెలిసిపోతుంది. ఇది అన్ని కార్లలోనూ ఒకేలా ఉండదు, మీ బండిలో ఎలా ఉందో ఖాళీ రోడ్డు మీద చూసుకోండి. స్పోర్ట్ మోడ్‌లో గానీ, గేరును మాన్యువల్ వైపు జరిపినప్పుడు గానీ కొన్ని కార్లు ఇంజిన్ ఆపవు. ఓనర్స్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది. క్లచ్ ఉన్న కార్లలో గేరు వేసి క్లచ్ తొక్కిపెట్టి ఉంచితే ఇంజిన్ ఆగదని కొందరు ఆ అలవాటు చేసుకుంటున్నారు. అది మాత్రం వద్దు, రిలీజ్ బేరింగ్ అరిగిపోతుంది.

బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ దగ్గర ఉండే చిన్న సెన్సారు ప్లగ్గు పీకేస్తే స్టార్ట్-స్టాప్ ఆగిపోతుందని వీడియోల్లో చూపిస్తున్నారు. ఆగిపోయే మాట నిజమే. కానీ బ్యాటరీలోకి ఎంత కరెంటు పోతోంది, ఎంత వస్తోంది అన్న లెక్క ఆ సెన్సారు ద్వారానే కంప్యూటరుకు తెలుస్తుంది. అది లేకపోతే ఆల్టర్నేటర్ గుడ్డిగా చార్జింగ్ చేస్తుంది. బానెట్ స్విచ్ తీసేయడం, సీటు బెల్టు పెట్టుకోకపోవడం లాంటి చిట్కాలు ఇంకా ప్రమాదం.

ఓరగడం_ఇంజనీరు (చెన్నై)

విజయనగర గారు చెప్పిన బ్రేకు ఉపాయం సరైనదే. నేను చెన్నైలో ఇంజిన్ కాలిబ్రేషన్ పనిలో, అంటే ఇంజిన్ ఎప్పుడు ఎలా పనిచేయాలో సాఫ్ట్‌వేరులో అంకెలు పెట్టే పనిలో ఉన్నాను కనుక, బటన్ ఎందుకు గుర్తుంచుకోదన్న ప్రశ్నకు సమాధానం చెప్పే ప్రయత్నం చేస్తాను.

కారుకు ప్రకటించే మైలేజీని రోడ్డు మీద కొలవరు, ప్రయోగశాలలో రోలర్ల మీద ఒక నిర్ణీత క్రమంలో నడిపి కొలుస్తారు. మన దేశంలో వాడే ఆ క్రమం యూరప్ పాత పద్ధతి నుంచి వచ్చింది. అందులో బండి నిలబడి ఉండే సమయమే దాదాపు నాలుగో వంతు ఉంటుంది. ఆ సమయమంతా ఇంజిన్ ఆగి ఉంటే కాగితం మీద మైలేజీ పెరుగుతుంది, కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. కంపెనీకి ఇది ఎందుకంత ముఖ్యమంటే, మన దేశంలో ఉద్గారాలకు పరిమితి పెట్టే కేఫ్ నిబంధనలు ఉన్నాయి. ఒక కంపెనీ ఒక ఏడాదిలో అమ్మిన కార్లన్నిటి సగటు కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు 2017-18 నుంచి కి.మీ.కు 130 గ్రాముల స్థాయిలోనూ, 2022-23 నుంచి 113 గ్రాముల స్థాయిలోనూ ఉండాలి. అమ్మిన కార్ల సగటు బరువును బట్టి ఒక్కొక్క కంపెనీకి ఈ లక్ష్యం కొంత మారుతుంది. స్టార్ట్-స్టాప్, టైర్లలో గాలి తగ్గితే చెప్పే ఏర్పాటు, ఆరు అంతకుమించిన గేర్లు, బ్రేకు వేసినప్పుడు శక్తిని తిరిగి పట్టుకోవడం వంటి వాటికి ఆ లెక్కలో విడిగా కొంత వెసులుబాటు కూడా ఇస్తారు. అంటే ఒక స్టార్టర్ మోటారు, ఒక మంచి బ్యాటరీ, కొంత సాఫ్ట్‌వేర్ ఖర్చుతో కంపెనీ సగటు తగ్గుతుంది. ఇంత చవకగా గ్రాములు తగ్గించే మార్గం మరొకటి దొరకడం కష్టం.

ఇక గుర్తుంచుకోవడం సంగతి. యూరప్‌లో ఇప్పుడు అమలులో ఉన్న డబ్ల్యూఎల్‌టీపీ అనే మైలేజీ, ఉద్గారాల పరీక్ష నియమం ప్రకారం, డ్రైవరు చివరగా ఏది ఎంచుకున్నాడన్న దానితో పని లేకుండా, బండి స్టార్ట్ చేసిన ప్రతిసారీ తప్పనిసరిగా ఏ స్థితిలోకి వస్తుందో ఆ స్థితిలోనే దాన్ని పరీక్షించవచ్చు. అలాంటి ఒకే స్థితి లేకపోతే, మంచి ఫలితం ఇచ్చే స్థితిలోనూ చెడు ఫలితం ఇచ్చే స్థితిలోనూ పరీక్షించి సగటు తీయాలి. అంటే మీ ఇష్టాన్ని బండి గుర్తుంచుకున్న రోజున కంపెనీ తన గ్రాముల్లో కొన్నిటిని పోగొట్టుకుంటుంది. పలు దేశాలకు ఒకే సాఫ్ట్‌వేరు తయారు చేసే కంపెనీ మన దేశానికి వేరే తీరున ఇవ్వాలని సాధారణంగా అనుకోదు. స్కూటర్ల సంగతి వేరు. వాటికి లెక్కలూ వేరు, స్విచ్ కూడా నేరుగా చేతితో జరిపే స్విచ్.

అమెరికాలో కూడా ఈ చిరాకు రాజకీయాల దాకా వెళ్లింది. 2025 మే నెలలో అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ అధిపతి లీ జెల్డిన్ ఈ ఏర్పాటును అందరూ అసహ్యించుకుంటున్నారని, తాము దీన్ని సరిచేస్తున్నామని బహిరంగంగా ప్రకటించారు. నిజానికి అక్కడ కార్లలో ఇది ఉండాలని ప్రభుత్వం ఎన్నడూ శాసించలేదు. పెట్టిన కంపెనీలకు లెక్కలో వెసులుబాటు ఇచ్చింది, అంతే. ఇక్కడా అంతే. మీ బటన్‌కు జ్ఞాపకం ఉండకూడదని మన చట్టంలో ఎక్కడా లేదు. కనుక ఇది కంపెనీల నిర్ణయమేనని, దాన్ని ప్రశ్నించే హక్కు కొన్నవారికి ఉందని నా ఉద్దేశం.

మీరు చెప్పిన కుదుపు గురించి కూడా ఒక మాట. అది స్టార్టర్ రకాన్ని బట్టి ఉంటుంది. మీ బండిలో స్టార్టర్ మోటారు చిన్న గేరు ముందుకు వచ్చి ఫ్లైవీల్ పళ్లలో ఇరుక్కుని ఇంజిన్‌ను తిప్పుతుంది, అందుకే శబ్దం, వణుకు. స్కూటర్లలో ఆ పని చార్జింగ్ చేసే యంత్రమే చేస్తుంది, అందుకే చప్పుడు లేకుండా స్టార్ట్ అవుతుంది. కార్లలోనూ 2015లో మారుతి సియాజ్ డీజిల్‌తో వచ్చిన స్మార్ట్ హైబ్రిడ్‌లో బెల్టుతో తిప్పే స్టార్టర్ జనరేటర్ పెట్టారు. అలాంటి బండ్లలో ఇంజిన్ ఎప్పుడు స్టార్ట్ అయిందో వెనక సీటులో ఉన్నవారికి తెలియదు. పూర్తి హైబ్రిడ్లలో బండి ముందు బ్యాటరీ మీద కదులుతుంది కనుక ఈ సమస్యే లేదు.

అసలు లోపం నా దృష్టిలో కాలిబ్రేషన్‌లో ఉంది. ఇంజిన్ ఒకసారి తిరిగి స్టార్ట్ అయ్యాక, బండి కొంత వేగం దాటితే తప్ప మళ్లీ ఆపకూడదన్న నియమం సాధారణంగా సాఫ్ట్‌వేరులో ఉంటుంది. ఆ వేగం ఎంత అన్నది ఇంజనీర్లు పెట్టే ఒక అంకె. దాన్ని మరీ తక్కువగా పెడితే, మారతహళ్లి వంతెన కింద పాకే బండి కూడా ఆ అంకెను దాటుతూ, ప్రతిసారీ ఆగుతూ ఉంటుంది. కొంచెం పెంచితే సిగ్నల్ దగ్గర మాత్రమే ఆగుతుంది, రెండు కార్ల పొడవు జరిగినప్పుడు ఆగదు. అది మార్చడానికి కొత్త భాగాలేవీ అక్కర్లేదు. మన రోడ్లను చూసి ఆ అంకె పెట్టవలసిన బాధ్యత మా వృత్తిలో ఉన్నవారిదే. దాన్ని ఇంకా శ్రద్ధగా చేయాలని నేను మా వాళ్లతో వాదిస్తూనే ఉంటాను.

పెట్రోలు మిగులు ఊరిని బట్టి మారుతుంది. ఇంజిన్ ఆగితే ఏసీ కంప్రెసర్ కూడా ఆగుతుంది, ఫ్యాను మాత్రమే తిరుగుతుంది. చెన్నైలో మే నెలలో టైడల్ పార్క్ సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగినా, కారు లోపల వేడి పెరగగానే కంప్యూటరు దాన్ని మళ్లీ స్టార్ట్ చేస్తుంది, లేదా అసలు ఆపదు. సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున, చల్లగా ఉండే మీ బెంగళూరులో అది ఎక్కువసార్లు ఆపుతుంది. కనుక మిగిలేదీ మీకే ఎక్కువ, విసుగూ మీకే ఎక్కువ.

జేపీనగర్_శారద (బెంగళూరు)

ఇక్కడ అందరూ ఆపుకోవడం గురించే మాట్లాడుతున్నారు కనుక, ఉంచుకోవడం గురించి నేను రెండు మాటలు చెప్పాలనుకుంటున్నాను. నేను కారూ నడుపుతాను, స్కూటరు మీదా తిరుగుతాను. డెయిరీ సర్కిల్ దగ్గర ఎర్ర దీపం పడి స్కూటరు మీద నిలబడినప్పుడు చుట్టూ ఉన్న కార్ల వెనక గొట్టాలన్నీ నా ముఖానికి సరిగ్గా ఎదురుగా ఉంటాయి. అక్కడే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడే ట్రాఫిక్ పోలీసుల సంగతి చెప్పనక్కర్లేదు. కారు లోపల కిటికీలు ఎత్తుకుని కూర్చున్నవారికి ఇది కుదుపు సమస్య. బయట ఉన్నవారికి ఊపిరి సమస్య.

ఇది కొత్తగా ఎవరో మన మీద రుద్దిన ఆలోచన కాదు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపండి అని పెట్రోలియం సంరక్షణ పరిశోధన సంఘం మనకు ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది. ఢిల్లీలో 2020 అక్టోబరులో ప్రభుత్వమే రెడ్ లైట్ ఆన్, గాడీ ఆఫ్ అని ప్రచారం చేసి, చౌరస్తాల్లో మనుషులను నిలబెట్టి ఇంజిన్లు ఆపించింది. మనం చేతితో చేయవలసిన పని మరిచిపోతున్నాం కనుక బండి చేస్తోంది. పది సెకన్లకు మించి ఆగవలసి వస్తే, ఇంజిన్‌ను ఊరికే తిప్పడం కన్నా ఆపి స్టార్ట్ చేయడానికే తక్కువ ఇంధనం ఖర్చవుతుందని అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల పరీక్షించి చెప్పింది. మన సిగ్నళ్లలో ఎన్ని పది సెకన్లతో తీరుతాయి?

ప్రయాణి గారూ, మీ యూ-టర్న్ భయాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. అక్కడ ఆపుకోండి, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆపుకోండి. కానీ ఆఫ్‌ను శాశ్వతంగా గుర్తుంచుకునే పరికరం పెట్టించుకుంటే, మీరు బన్నేరుఘట్ట రోడ్డులో పొడవైన సిగ్నల్ దగ్గర ఆగిన రోజున కూడా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు దాన్ని ఆన్ చేయాలని ఎవరికీ గుర్తుండదు. ప్రతిసారీ బటన్ నొక్కవలసి రావడం నాకు పెద్ద కష్టంగా తోచదు.

హిందూపురం_ప్రయాణి

ముగ్గురికీ కృతజ్ఞతలు. విజయనగర గారు చెప్పిన బ్రేకు పద్ధతిని ఇంటి దగ్గర ప్రయత్నించి చూశాను. మెత్తగా పట్టుకుంటే నా బండిలో ఇంజిన్ నిజంగానే ఆగడం లేదు. చదునైన రోడ్డు మీద ఇది చాలా మేలు. వంతెన ఎక్కేటప్పుడు మాత్రం బండి వెనక్కి జారకుండా గట్టిగా నొక్కక తప్పదు, అక్కడ ఆగిపోతోంది.

శారద గారూ, పొగ గురించి మీరు చెప్పిన దానితో నాకు పేచీ లేదు. పొడవైన సిగ్నల్ దగ్గర నేనూ ఇంజిన్ ఆపాలనే కోరుకుంటాను. నా అభ్యంతరమల్లా ఏది పొడవైన ఆగడమో, ఏది క్షణం పాటు ఆగడమో ముందు అద్దంలోంచి చూస్తున్న నాకు తెలుస్తుంది, బండికి తెలియదు అన్నదే. కౌంట్‌డౌన్ కనిపించే సిగ్నల్ దగ్గర ఇంకా 90 సెకన్లు ఉందని నాకు తెలుసు. ముందున్న బస్సు స్టాపులో ఒకరిని దించి వెంటనే కదులుతుందనీ నాకు తెలుసు. ఈ రెండింటినీ బండి ఒకేలా చూస్తుంది. ప్రతిసారీ బటన్ నొక్కడం కష్టం కాకపోవచ్చు, కానీ నొక్కడం మరిచిన రోజున అది గుర్తుకు వచ్చేది యూ-టర్న్ మధ్యలో.

ఇంకో రెండు సందేహాలున్నాయి. యూ-టర్న్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్ కొద్దిగా తిప్పి ఉంచితే ఇంజిన్ ఆగదని ఒక స్నేహితుడు చెప్పాడు. అది మంచి పద్ధతేనా? బ్రేకు మీద నుంచి కాలు తీసినా బండిని నిలిపి ఉంచే ఆటో హోల్డ్ వేసుకుంటే ఏమైనా ఉపయోగం ఉంటుందా?

గ్యారేజీ_విజయనగర

స్టీరింగ్ తిప్పి ఉంచితే ఇంజిన్ ఆగకపోవడం చాలా కార్లలో నిజమే, ఎందుకంటే బండి మలుపు తిరగబోతోందని కంప్యూటరు గ్రహిస్తుంది. అయినా ఆ పద్ధతి ససేమిరా వద్దు. యూ-టర్న్ కోసం ఆగి ఉన్నప్పుడు చక్రాలు తిన్నగా ఉండాలి. వెనక నుంచి ఎవరైనా గుద్దితే, చక్రాలు తిన్నగా ఉన్న బండి తన వరసలోనే ముందుకు పోతుంది. కుడికి తిప్పి ఉంటే ఎదురుగా వచ్చే లారీ కిందికి నేరుగా పోతుంది. అలా గుద్దించుకున్న బండ్లు మా దగ్గరికి వచ్చాయి కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను. యూ-టర్న్‌కు ముందే బటన్ నొక్కండి, అంతే.

ఆటో హోల్డ్ మీ ఇబ్బందిని పెంచుతుంది. అది వేసి ఉంటే బ్రేకు మీద నుంచి కాలు తీసినా చాలా కార్లలో ఇంజిన్ ఆగే ఉంటుంది, యాక్సిలరేటర్ నొక్కాకే స్టార్ట్ అవుతుంది. అంటే ఇప్పుడు బ్రేకు నుంచి యాక్సిలరేటర్‌కు కాలు జరిగేలోగా ఇంజిన్ సిద్ధమయ్యే సమయం కూడా పోతుంది. పొడవైన సిగ్నల్‌కు ఆటో హోల్డ్ బాగుంటుంది, పాకే ట్రాఫిక్‌కు కాదు. వంతెన మీద మీరు హిల్ హోల్డ్‌ను నమ్మవచ్చు. బ్రేకు వదిలాక కూడా రెండు సెకన్ల వరకు బండిని జారనివ్వదు.

ఇంకొకటి అందరికీ చెప్పాలి. ఇంజిన్ ఆగి నిశ్శబ్దంగా ఉంది కదా అని కొందరు బండి పూర్తిగా ఆపేశామనుకుని, గేరు డీలోనే వదిలి బెల్టు తీసి దిగబోతారు. చాలా కార్లు అలాంటప్పుడు అలారం మోగిస్తాయి, లేదా కీతో స్టార్ట్ చేస్తే తప్ప కదలకుండా చేస్తాయి. అయినా మీరు పి వేసి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇగ్నిషన్ ఆపాకే దిగండి. ఇంటిలో పెద్దవాళ్లకు కారు ఇచ్చేటప్పుడు ఈ సంగతి విడమర్చి చెప్పండి.

ఓరగడం_ఇంజనీరు

గుర్తుంచుకునే పరికరం గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. అవి రెండు రకాలు. ఒకటి డ్యాష్‌బోర్డు బటన్ వెనక, బండి తీగకూ బటన్‌కూ మధ్య ప్లగ్గుతో కూర్చునేది. బండి స్టార్ట్ అయిన కొద్ది క్షణాలకు మీ బదులు అదే బటన్ నొక్కుతుంది, అంతకు మించి ఏమీ చేయదు. రెండోది మెకానిక్ స్కానర్ పెట్టే ఓబీడీ పోర్టులో పెట్టేది. అది బండి కంప్యూటర్ల మధ్య నడిచే సమాచారంలోకి చొరబడి ఆజ్ఞలు ఇస్తుంది. ఎవరు రాశారో తెలియని సాఫ్ట్‌వేరును బ్రేకులూ ఎయిర్‌బ్యాగులూ ఉన్న ఆ మార్గంలో ఎప్పుడూ పెట్టి ఉంచడాన్ని నేను ఒప్పుకోను. మొదటి రకంలో ప్రమాదం తక్కువ, కానీ వారంటీ ఉన్నంత కాలం అదీ వద్దనే నా సలహా. ఎలక్ట్రికల్ భాగంలో ఏ సమస్య వచ్చినా బయటి పరికరం తగిలించారన్న కారణం చూపించే అవకాశం కంపెనీకి మనమే ఇచ్చినట్టవుతుంది. తీగలు కోసి అతికించే పని అయితే వారంటీ తరువాత కూడా వద్దు.

లాభనష్టాల లెక్క కూడా చూడండి. మీ బండి లాంటి చిన్న పెట్రోలు ఇంజిన్ ఏసీతో నిలబడి తిరిగితే గంటకు సుమారుగా ఒక లీటరు తాగుతుందనుకుందాం. మీ ప్రయాణంలో నిజంగా పొడవుగా ఆగే సమయం అన్నీ కలిపి పావుగంట ఉంటే, మిగిలేది పావు లీటరు, అంటే పాతిక రూపాయల పైచిలుకు. పాకే ట్రాఫిక్‌లో మూడు నాలుగు సెకన్లు ఆగినప్పుడు మిగిలేది ఏమీ లేదు. కాబట్టి శారద గారు కోరినట్టు పొడవైన సిగ్నల్‌కు ఉంచుకుని, మీరు కోరినట్టు మిగతా చోట్ల ఆపుకుంటే పెట్రోలు పరంగా మీరు దాదాపు ఏమీ నష్టపోరు. దీనికి ఇవాళ మీ చేతిలో ఉన్న మార్గం ఆ బ్రేకు పద్ధతే.

సర్వీస్ సెంటరులో నోటితో చెప్పి వదిలేయకండి. బండి వివరాలతో, ఏ రోడ్డు మీద ఏ వేగంలో ఇలా జరుగుతోందో రాసి, కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ పంపండి, జాబ్ కార్డులో కూడా రాయించండి. తరువాతి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో ఏ అంకెలు మార్చాలో నిర్ణయించేటప్పుడు ఇలాంటి రాతపూర్వకమైన ఫిర్యాదులు మా బల్ల మీదికి వస్తాయి; సర్వీస్ సలహాదారు విని ఊరుకున్నవి రావు. మీ ఆఫీసులో ఇదే ఇబ్బంది పడుతున్నవారున్నారన్నారు కదా, వారిని కూడా ఎవరి కంపెనీకి వారు రాయమనండి.